డౌట్‌లో 'బి' ఎందుకు?

పిల్లలూ! పాఠం అర్థం కాకపోతే "మాస్టారూ, డౌట్!" అని లేచి నిలబడతారు గదా. అదే మాటను డిక్టేషనులో ఇస్తే చాలామంది నడుమనున్న 'బి'ని వదిలేస్తారు, మార్కు పోతుంది. నోట పలకని అక్షరం రాతలో ఎందుకని మీకు కోపం రావటం న్యాయమే. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ 'బి' లేకుండానే రాసేవారు మరి!

ఈ మాట పుట్టిల్లు రోము. సందేహించటాన్ని రోమనులు తమ లాటిన్ భాషలో 'దుబితారే' అనేవారు. లాటిన్ నుంచి ఫ్రెంచి భాష ఏర్పడేసరికి ఆ 'బ' కాస్తా అరిగిపోయింది. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మనులు వచ్చి ఇంగ్లండును జయించారు. ఆ తరవాత వేలకొద్దీ ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో చేరాయి. వాటిలో ఇదీ ఒకటి. అప్పటికి దీనిలో 'బి' లేదు.

15, 16 శతాబ్దాలలో లాటిన్ బాగా చదివిన పండితులు, మాటకు పుట్టింటి గుర్తు ఉండాలని 'బి'ని తెచ్చి మళ్ళీ రాతలో దూర్చారు. జనం మాత్రం తమ నోరు మార్చుకోలేదు. షేక్స్పియరు ఈ చాదస్తాన్ని ఊరికే వదిలిపెట్టలేదు. 1598లో అచ్చయిన 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాటకంలో హోలోఫెర్నీస్ అనే బడిపంతులు ఉన్నాడు. 'బి'ని పలకకుండా మింగేసేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండుతుంది!

ఫ్రెంచివారు కూడా కొంతకాలం ఇలాగే 'బి'ని దూర్చి, తరవాత తీసిపారేశారు. తెలివైన పని! స్పెయినువారు 'దూదా' అని హాయిగా రాసుకుంటారు. ఇటలీవారి 'దుబ్బ్యో'లో ఏకంగా రెండు 'బి'లు. అయితే అవి పలుకుతాయి గనక అక్కడి పిల్లలకు చిక్కులేదు.

ఇంతకూ ఆ లాటిన్ మాటలో దాగి ఉన్నది 'దువో', అంటే రెండు. ఇదా, అదా అని మనసు రెండు విధాల పోవటమే గదా సందేహం! 'దువో', సంస్కృతంలోని 'ద్వి', రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. జర్మనులు సందేహాన్ని 'త్స్వైఫెల్' అంటారు. వాళ్ళ భాషలో 'త్స్వై' అంటే రెండు.

ఆ పండితుల చేత చిక్కిన మాట మరొకటి ఉంది. అప్పును ఇంగ్లీషులో 'డెట్' అంటారు. అందులోనూ పలకని 'బి' ఉంది. లాటిన్‌లో అది 'దెబితుమ్'. ఈసారి నాన్నగారి బాంకు పుస్తకం చూడండి. 'డెబిట్' అని కనిపిస్తుంది. అదీ ఆ 'దెబితుమ్' బిడ్డే. దానిలో మాత్రం 'బి' చక్కగా పలుకుతుంది.