విందు ప్రధాని ఎవరు?

గలిలయలోని కానా పెళ్లిని గురించి మన సంఘాల్లో విననివారు ఉండరు. చర్చిలో పెళ్లి జరిగిన ప్రతిసారీ అయ్యగారి ప్రసంగంలో ఆ ప్రస్తావన వచ్చి తీరుతుంది. అయితే ఆ ఇంట ద్రాక్షారసం అయిపోయిందన్న మాట ఎత్తింది ఎవరు? పెళ్లికొడుకు కాదు. విందు చూసుకోవాల్సిన విందు ప్రధాని అంతకన్నా కాదు. యేసు తల్లి మరియ! కొరత వచ్చిందనిగాని, అది తీరిందనిగాని విందు ప్రధానికి తెలియనే తెలియదు. నీళ్లు మోసిన పరిచారకులకు మాత్రం తెలుసు (యోహాను 2:9). కానా అనగానే కొందరు ద్రాక్షారసం పులిసినదా, పులియనిదా అన్న వాదనకు దిగుతారు. ఆ వాదన మరో వారం చూద్దాం. ఈ వారం వడ్డన సంగతి.

యూదుల పెళ్లి విందు ఒక పూటతో ముగిసేది కాదు. సమ్సోను పెళ్లి విందు ఏడు దినాలు సాగింది. అలాంటి ఇంట కొరత పడితే ఎంత తలవంపులో ఊహించవచ్చు. ఆరు రాతి బానల్లో పట్టే నీరు నేటి లెక్కలో సుమారు 470 నుంచి 700 లీటర్లు. ప్రభువు ఆ ఇంటి పరువు కాపాడింది కొసరి కొసరి కాదు, బానలు అంచులదాకా నింపించి. కనుక విందు బాగుండాలని కోరుకోవడం లోక సంబంధమైన ఆలోచనేమీ కాదు. ఆకలితో వచ్చినవారిని ఆకలితో పంపేస్తే మాత్రం అందులో భక్తి ఏముంది?

మన పెళ్లిళ్లలో లెక్క ఎక్కడ తప్పుతుందో అందరికీ తెలిసిందే. కార్డులు మూడొందలు పంచుతారు. ఆదివారం ఆరాధన చివర ప్రకటనల్లో మాత్రం ‘సంఘమంతా తప్పక రావాలి’ అని ఆహ్వానిస్తారు. పిలిచాక వస్తారు మరి! కానాకు యేసుతోబాటు ఆయన శిష్యులూ పిలువబడ్డారు కదా. వంటమేస్త్రికి చెప్పాల్సింది కార్డుల లెక్క కాదు, వచ్చే కుటుంబాల లెక్క. పలావుకైతే కిలో బియ్యం ఏడెనిమిది మందికి సరిపోతుందని మేస్త్రీలు వేసే లెక్క. బియ్యమంతా ఒకేసారి పొయ్యి మీద పెట్టించకుండా, ఒక గుండిగకు సరిపడా నానబెట్టి ఉంచి, జనాన్ని చూసి ఎక్కించమంటే కొరతా రాదు, పారబోతా ఉండదు. దీనికి పొయ్యి దగ్గర నిలబడి చూసే మనిషి కావాలి. ఇంటివాళ్లంతా స్టేజీ మీద ఫొటోల్లో ఉంటారు. అందుకే సంఘ పెద్దల్లో ఒకరినో, యవనస్థుల్లో నెమ్మదైన వారినో ముందే పిలిచి ‘ఈ రోజు విందు ప్రధాని నువ్వే బాబూ’ అని అప్పగించాలి.

వేళ సంగతి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం సాధారణంగా పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 గంటల లోపు జరగాలి. కాబట్టి చట్టం మనకు కావలసినంత పగలు ఇచ్చింది. పదిన్నరకు అని అచ్చువేసి పన్నెండింటికి మొదలుపెట్టేది మనమే. ఆపైన వచ్చిన దైవసేవకులందరూ తలా ఒక శుభవచనం! అయ్యగార్లు నొచ్చుకోకపోతే ఒక మాట: మూడున్నరకు తిన్న పలావు మీద ఎంత చక్కని ఆశీర్వాదమైనా అరగదు. ఫొటోలు పూర్తయ్యేదాకా భోజనాల తలుపు మూసి ఉంచడం కూడా మానాలి. స్తోత్రప్రార్థన చేసి ముసలివారిని, పసిబిడ్డల తల్లులను ముందు కూర్చోబెడితే సగం గోల తగ్గుతుంది. బఫే పెట్టుకున్నా సరే, పెద్దవాళ్లకు రెండు వరసల బల్లలు, వడ్డించే నలుగురు పిల్లలు ఉండాలి. చేతికర్ర పట్టుకున్న తాతగారు ప్లేటు ఎలా పట్టుకుంటారు?

పిలిస్తే వచ్చే హిందూ స్నేహితులు, ముస్లిం స్నేహితులు కూడా మన అతిథులే. శాకాహారులకు వంట వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో, వేరే చోట జరగాలి. ‘ముక్కలు తీసేసి తినండి’ అనడం మర్యాద కాదు. ఎదుటివాని మనస్సాక్షిని గూర్చి పౌలు కొరింథీయులకు అంత వివరంగా రాసింది భోజనం సందర్భంలోనే. షుగరున్నవాళ్లకు కాస్త తెల్లన్నం తక్కువ, పప్పు, కూర, మజ్జిగ ఎక్కువ ఉంటే చాలు, వాళ్లు సంతోషిస్తారు.

ఇక అసలు చిక్కు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనని సామెత. లోకంలో అది తెలివైన మాట. సంఘంలో అదే మాట ఒక గాయం. మొదటి బంతిలో అధికారులకు ముక్కలు, కడ బంతిలో పేటవాళ్లకు పులుసు! కొరింథులో జరిగింది ఇదే. ఒకడు ఆకలిగొని ఉండగా మరొకడు మత్తుడయ్యాడు, పౌలు వారిని మెచ్చుకోలేదు (1 కొరింథీ 11:21, 22). పేతురంతటివాడు అంతియొకయలో అన్యజనులతో పంక్తి మాని వెనుకకు తగ్గితే అందరి ఎదుటా నిలదీశాడు. సంఘ వార్షికోత్సవంలో మనం పెట్టేదాన్ని ప్రేమవిందు అంటున్నాం. పెళ్లిలో ఆ పేరు ఎందుకు మరుస్తాం? వీఐపీలకు తెర చాటున వేరే బల్ల వేయడం నాకైతే సమ్మతం కాదు.

ఖర్చు సంగతి కూడా చూడాలి. కానాలో విందు ప్రధాని పిలిచి మాట్లాడింది పెళ్లికుమారుడితో. అంటే విందు బాధ్యత అతనిది. మన దగ్గర ‘భోజనాలు మీవే’ అని ఒక మాట అనేసి అమ్మాయి తండ్రిని అప్పులపాలు చేస్తున్నాం. కట్నం తీసుకోలేదని సంఘంలో సాక్ష్యం చెప్పి, వెనకనుంచి అయిదొందల ప్లేట్ల మటన్ బిర్యానీ అడగడం ఏ రకం సాక్ష్యం? అప్పు చేసినవాడు ఇచ్చినవానికి దాసుడని, ప్రేమ ఉన్నచోట ఆకుకూర భోజనమైనా మేలని సామెతల గ్రంథం ఎప్పుడో చెప్పింది. అన్నం, పప్పుచారు, ఒక కోడికూర, పెరుగు, ఒక మిఠాయి వేడివేడిగా కడుపునిండా పెడితే తప్పుపట్టే చుట్టం ఎలాగూ పదహారు రకాలు పెట్టినా తప్పుపడతాడు.

శ్రమల కాలంలో చాలా సంఘాలు పెళ్లిళ్లు చేయవు కాబట్టి ఈస్టరు దాటాక ఎండల్లో ముహూర్తాల మాదిరి వరస కడతాయి. ఆ ఎండకు వండినది గంటకు మించి బయట ఉండకూడదు. అయిదువేలమందికి పెట్టాక మిగిలిన ముక్కలు వృథా కానీయక ఎత్తించిన ప్రభువు పన్నెండు గంపలు నింపించాడు. మిగిలేది ఎక్కడికి పంపాలో, ఆటో ఎవరు తెస్తారో ముందురోజే మాట్లాడుకోవాలి. రాత్రి పదకొండింటికి అనాథాశ్రమం తలుపు కొట్టి వాసన మారిన అన్నం దించడాన్ని దానం అనకూడదు.

అయినా లూకా 14లో ప్రభువు బీదలకు మిగిలినది పంపమనలేదు, విందుకు పిలువమన్నాడు. బ్యాండువాళ్లు, షామియానా కుర్రాళ్లు, చర్చి ఊడ్చే అమ్మ, బస్సు డ్రైవరు వీళ్లంతా మన పెళ్లిలో ఉదయంనుంచీ ఉండి చివర తింటారు. మొదటి గుండిగ దించగానే వాళ్లకు సరిపడా తీసి, ముక్కలతో సహా, మూతపెట్టి పక్కనుంచమని మేస్త్రికి చెప్పండి. వాళ్ల పేర్లు కూడా విందు ప్రధాని చేతిలోని చీటీలో ఉండాలి.