సొమ్ము ముందు, సరుకు వెనుక
వీడియో గేమ్ అభిమానుల ఆందోళనలో న్యాయమెంత?

వీడియో గేమ్ అంటే పిల్లల కాలక్షేపమని కొట్టిపారేసే రోజులు ఎప్పుడో గతించాయి. సినిమాల మాదిరిగానే వీటికీ రచయితలు, దర్శకులు, వందల కోట్ల పెట్టుబడులు ఉన్నాయి. నిర్మాణ సంస్థ పేరు చూసి మారు మాట లేకుండా డబ్బు చెల్లించే అభిమానులూ ఉన్నారు. ఆ అభిమానులనే నేడు ఒక ఆందోళన వేధిస్తున్నది. తాము నెత్తిన పెట్టుకున్న సంస్థలు నాణ్యతను విస్మరించి లాభాల వెంట పడుతున్నాయన్నదే ఆ ఆందోళన. అది నిరాధారమైనది కాదని పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ ఉదంతం తేటతెల్లం చేస్తున్నది.

పేరు తెచ్చింది ఒకటి, పరువు తీసింది మరొకటి

1994లో వార్సా నగరంలో ఇద్దరు మిత్రులు స్థాపించిన చిన్న సంస్థ ఇది. పోలిష్ రచయిత ఆంద్రెయ్ సప్కోవ్‌స్కీ కథల ఆధారంగా 2015 మేలో విడుదల చేసిన ‘ది విచర్ 3’ దీనికి ప్రపంచఖ్యాతి తెచ్చింది. కొన్నవారికి 16 చిన్న చేర్పులను ఉచితంగా అందించడంతో ‘ఇది మన సంస్థ’ అన్న భావన అభిమానుల్లో పాతుకుపోయింది.

ఆ నమ్మకంతోనే వారు 2012లో ప్రకటించిన ‘సైబర్‌పంక్ 2077’ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2020 ఏప్రిల్ 16న రావలసిన గేమ్ మూడుసార్లు వాయిదా పడి డిసెంబరు 10న విడుదలైంది. సిబ్బందిపై అదనపు పనిభారం మోపబోమని చెప్పిన యాజమాన్యమే ఆ సెప్టెంబరులో వారానికి 6 రోజుల పనిని తప్పనిసరి చేసింది. అయినా పని పూర్తి కాలేదు. టీవీకి తగిలించి ఆడే పాత తరం ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ యంత్రాలపై గేమ్ తరచు ఆగిపోయింది, బొమ్మలు చెదిరిపోయాయి. ఆ యంత్రాలపై గేమ్ ఎలా నడుస్తుందో విడుదలకు ముందు చూపనందుకు సంస్థ క్షమాపణ చెప్పుకున్నది. విడుదలైన సుమారు వారానికి సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి ఈ గేమ్‌ను తొలగించి, కొన్నవారికి పూర్తి సొమ్ము వాపసు ఇస్తామని ప్రకటించింది. మళ్లీ అక్కడ అమ్మకానికి వచ్చింది 2021 జూన్‌లోనే. విడుదల నిర్ణయం యాజమాన్యానిదేననీ, తప్పు సిబ్బందిది కాదనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన మార్చిన్ ఇవిన్‌స్కీ 2021 జనవరిలో అంగీకరించారు.

ముందస్తు చెల్లింపే మూలం

ఇంత అనుభవం గల సంస్థ అసంపూర్తి సరుకును ఎలా అమ్మగలిగింది? సమాధానం లెక్కల్లోనే ఉంది. విడుదలకు ముందే 80 లక్షల మంది డబ్బు చెల్లించి గేమ్‌ను బుక్ చేసుకున్నారు. ముందస్తు బుకింగ్‌ల ద్వారా రావలసిన ఆదాయమే గేమ్ తయారీ, ప్రచార వ్యయాలను మించిపోయిందని విడుదల వేళ సంస్థే ప్రకటించింది. పంట కళ్లం చేరకముందే పూర్తి ధర చేతికందితే తూకం, తాలు సంగతి పట్టించుకునేదెవరు? అభిమాన హీరో సినిమాకు మొదటి రోజే టిక్కెట్టు కొన్నట్లు, అభిమానులు తమ చేతిలోని ఏకైక ఆయుధాన్ని తామే వదులుకున్నారు.

సంస్థ ఆ తర్వాత దాదాపు మూడేళ్లు శ్రమించి లోపాలు సరిదిద్దిన మాట వాస్తవం. 2023 సెప్టెంబరు నాటి మార్పులతో ఈ గేమ్ మన్ననలు పొందింది. అయితే మొదటి రోజు పూర్తి ధర చెల్లించినవారు పరీక్షకుల పాత్ర పోషించవలసి వచ్చిందన్నది కాదనలేని నిజం.

పెట్టెలో ఏముందో తెలియదు

రెండో పద్ధతి కొన్న తర్వాత పిండుకోవడం. 2017 నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ తెచ్చిన ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’లో లోపల ఏముందో తెలియని పెట్టెలను డబ్బుతో కొనే ఏర్పాటు ఉండేది. తిరునాళ్లలో లాటరీ చీటీ వంటిదే ఇది. అభిమానులు భగ్గుమనడంతో విడుదలకు ముందురోజే ఆ కొనుగోళ్లను నిలిపివేశారు. 2018 ఏప్రిల్‌లో బెల్జియం ప్రభుత్వ జూద నియంత్రణ సంస్థ, ఇటువంటి పెట్టెలున్న మూడు ప్రముఖ గేమ్‌లు జూద చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాయని తేల్చింది.

నాణ్యత ఉంటే లాభం రాదన్న వాదనా నిలవదు. బెల్జియం సంస్థ లారియన్ 2023 ఆగస్టులో విడుదల చేసిన ‘బాల్డర్స్ గేట్ 3’లో ఇటువంటి పెట్టెలు లేవు. అయినా ఘనవిజయం సాధించింది.

మన ఇళ్లకు సంబంధమేమిటి?

సరిహద్దు పల్లెల్లో ఖరీదైన యంత్రాలు అరుదు. కానీ సెల్‌ఫోన్‌లో ఉచితంగా దొరికే గేమ్ ఆడని పిల్లలూ అరుదే. ఆ ఉచితం వెనుక దుస్తులు, ఆయుధాల రంగుల అమ్మకం ఉంటుంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండానే పిల్లలు కొనుగోళ్లు చేసే వీలు కల్పించడం, మీటల అమరికతో ఏమార్చడం వంటి ఆరోపణలపై ‘ఫోర్ట్‌నైట్’ నిర్మాత ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు వాపసు చెల్లించేందుకు 2022 డిసెంబరులో అమెరికా వాణిజ్య కమిషన్‌తో ఒప్పందానికి వచ్చింది. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన చట్టం గెలుపు సొమ్ము ఆశతో ఆడే ఆటలను నిషేధించింది. మిగతా గేమ్‌ల విషయంలో ఇంటి పెద్దల జాగ్రత్తే రక్ష. ఫోన్‌లో చెల్లింపుల రహస్య సంఖ్యను పిల్లలకు తెలియనివ్వరాదు.

సొమ్ము పోతే ఏ రాష్ట్రానికి వెళ్లాలన్న సందేహం సరిహద్దు కుటుంబాలకు సహజం. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

లాభం ఆశించడం వ్యాపారి తప్పు కాదు. అయితే సైబర్‌పంక్ విషయంలో వాపసులు, బ్యాటిల్‌ఫ్రంట్ విషయంలో తిరస్కారం పని చేసినంతగా పొగడ్తలు ఎన్నడూ పని చేయలేదు. సరుకు చూసి, నలుగురి అనుభవం విని, ఆ తర్వాతే డబ్బు చెల్లించే అభిమానులే ఏ సంస్థనైనా దారిలో ఉంచగలరు.