చౌక బస్సులో పరదేశము



మా జహీరాబాదు ప్రాంతమున చెరకు కోతలు ముగిసి, మిల్లు డబ్బు చేతికి వచ్చే వేళకు (వచ్చిన సంవత్సరములలో!) పిల్లలకు వేసవి సెలవులు దగ్గరపడును. అప్పుడు సంఘములో కొందరు మమ్ములను అడుగుచుందురు: "అయ్యగారూ, పిల్లలకు ఒక్కసారి పరదేశము చూపించాలని ఉన్నది. విమానమంటే మాతో అవుతదా?"

విమానము అక్కరలేదు. బస్సులో పోగల పరదేశము నేపాలు. భూటానుకు కూడ రోడ్డున్నది గాని, అక్కడ మనదేశపు పెద్దవారు తలకు రాత్రికి 1,200 రూపాయలు ఆ ప్రభుత్వమునకు రుసుము కట్టవలెను. ఐదారుగురి కుటుంబమునకు అది భారమే. నేపాలులో అట్టి రుసుము లేదు. 1950లో జరిగిన ఒడంబడిక నుండి మనవారికి అక్కడ వీసా అడుగరు.

వీసా లేదు గనుక కాగితములే అవసరము లేదనుకొనరాదు. పెద్దవారికి పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘమిచ్చిన ఓటరు కార్డు గాని ఉండవలెను. చాలమంది ఆధారు కార్డు ఒక్కటే జేబులో వేసికొని బయలుదేరుచున్నారు. ఆధారు వంటి ఫోటో కార్డు 15 ఏండ్లలోపు పిల్లలకు, 65 దాటిన వృద్ధులకు సరిపోవును. 15 నుండి 18 ఏండ్ల మధ్యవారికి ప్రధానోపాధ్యాయుడు నిర్ణీత నమూనాలో గుర్తింపు పత్రము వ్రాసి ఇయ్యవలెను. బడి మూసిన తరువాత ఆయనను వెదకుట ఎంత కష్టమో తలిదండ్రులకు తెలియును, కాబట్టి ముందే తీసికొనుడి. కుటుంబమంతయు కలిసి పోవునప్పుడు కొంత సడలింపు ఉన్నది గాని, దానిని నమ్ముకొని సరిహద్దులో వాదించుటకంటె ఎవరి కార్డు వారు పట్టుకొని పోవుట మేలు.

పోవుటకు రెండు మార్గములు. మన పట్టణములనుండి కాశీ, నేపాలు కలిపి చూపించు యాత్ర బస్సులు పోవుచుండును. వంటవాడు, బియ్యము, గ్యాసు అన్నియు బస్సులోనే. ఖర్చు తక్కువ, తెలుగు మాట, మన కూర. కాని వరుసగా ఎన్ని రాత్రులు సీటులోనే కూర్చుండి నిద్రపోవలెనో ముందుగా అడుగుడి. వంటవానికి తోడు కూరలు తరుగుట, గిన్నెలు కడుగుట ఆడవారి మీద పడునేమో అదికూడ అడుగుడి. ఇంటి పొయ్యి విడిచి రోడ్డు పక్క పొయ్యి దగ్గర కూర్చుండుట ఆ తల్లికి ఏ సెలవు?

రెండవది, సికింద్రాబాదు నుండి గోరఖ్‌పూరు వరకు రైలు. అది ప్రతి దినము ఉండదు. అక్కడినుండి సుమారు 100 కిలోమీటర్లు బస్సులో సునౌలీ చేరి, గేటు నడిచి దాటిన యెడల నేపాలే. అక్కడి బస్సులు పోఖరాకు, ఖాట్మండుకు పోవును. హిందీ వచ్చినవారు ఒకరున్న చాలును, మా ప్రాంతములో దానికి కొదువ లేదు. మన 100 రూపాయలకు వారి 160 రూపాయలు. 1993 నుండి అదే లెక్క గనుక మార్పిడిలో ఎవరును మిమ్మును మోసపరచకుండ చూచుకొనుడి. చిన్న నోట్లు, నూరు నోట్లు ఎక్కువగా ఉంచుకొనుడి.

ఇక మేము గట్టిగా చెప్పదలచినది కొండ రోడ్డును గూర్చి. బొంబాయి రోడ్డు మీద రాత్రి బస్సులకు అలవాటుపడిన మనవారికి రోడ్డంటే సాఫీగా ఉండునదే. అక్కడ ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయలో నది. 2024 జూలై 12 తెల్లవారుజామున, నారాయణగఢ్-ముగ్లింగ్ రోడ్డుమీద కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకొనిపోయెను. వాటిలో అరువదిమందికి పైగా ఉండిరి. అదే సంవత్సరము ఆగస్టు 23న మహారాష్ట్రలోని జలగాం జిల్లా యాత్రికుల బస్సు పోఖరా నుండి ఖాట్మండుకు పోవుచు మర్స్యాంగ్ది నదిలో పడి 27 మంది మరణించిరి. వారును మనవంటి కుటుంబములే, ఊరివారందరు కలిసి చౌకగా యాత్రకు బయలుదేరినవారే. ఆ రెండవది పట్టపగలు జరిగినది. కాబట్టి రాత్రి ప్రయాణము మానినంత మాత్రమున చాలదు, కాలమును కూడ చూడవలెను. జూన్ నుండి సెప్టెంబరు వరకు అక్కడ వానలు. ఆ నెలలలో టికెట్టు ఎంత తగ్గించి ఇచ్చినను పిల్లలను ఎక్కించవద్దు.

దసరా సెలవులలో వాన తగ్గును గాని అది వారికిని పెద్ద పండుగ, బస్సులు కిటకిటలాడును. జనవరిలో గోరఖ్‌పూరు మైదానమంతా పొగమంచు. లెక్కించి చూడగా మనకు మిగిలినది మే నెల. చెరకు పని తీరి, తొలకరి విత్తనము పడకముందు, బడులు మూసియున్న కాలము. యజమానిని మాత్రము ఈ మాట అడిగి జవాబు రాబట్టుడి: డ్రైవర్లు ఎందరు, కొండలలో రాత్రి నడుపుదురా? ఒక్కడే డ్రైవరన్నచో బయానా ఇయ్యవద్దు. 2025 సెప్టెంబరులో ఖాట్మండులో అల్లర్లు చెలరేగినప్పుడు చిక్కుకొన్న తెలుగువారిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రత్యేక విమానములో రప్పించినది. అట్టి వేళకు బంధువుల యొద్ద మీ దారి, బస వ్రాసియుంచి పోవుట మంచిది.

మన సంఘస్థులకు ఇంకొక మాట. సంచిలో కరపత్రములు పెట్టుకొని పోవద్దు. 2015 నాటి నేపాలు రాజ్యాంగము ఒకరిని మతము మార్చుటను నిషేధించుచున్నది. 2018 నుండి అమలులోనున్న శిక్షాస్మృతి ప్రకారము దానికి ఐదేండ్ల వరకు జైలు పడవచ్చును, పరదేశియైతే శిక్ష తీరిన పిమ్మట దేశమునుండి పంపివేయుదురు. మీరు చేసిన పనికి మీరు బస్సెక్కి వచ్చెదరు, అక్కడి విశ్వాసులు అక్కడే ఉండవలెను.

వారితో కలిసి ఆరాధించుటకు మాత్రము తప్పక పోవుడి. అయితే అక్కడి సెలవు దినము శనివారము, సంఘములు ఎక్కువగా ఆ దినముననే కూడుకొనును. ఆదివారము పోయినచో తలుపు మూసియుండవచ్చును. గడియారమును కూడ సరిచేసికొనుడి. నేపాలు సమయము మనకంటె 15 నిమిషములు ముందు.