ఆవు అందరికీ కావాలి, కోడెదూడ మాత్రం ఎవరికీ వద్దు

ఈ వారం వీడియోలో మా మకాం దగ్గర కట్టేసి ఉన్న ఎర్ర గిత్తను చూసి చాలామంది "ఎంతకి కొన్నారండీ?" అని అడిగారు. కొనలేదు. ఇచ్చేసి, మళ్ళీ వెనక్కి తెచ్చుకున్నాను. దీనికంటే ముందు ఇంకోటి ఉండేది. దాన్ని తెచ్చుకోలేకపోయాను.

మా ఒంగోలు ఆవు మొదటి ఈతలో కోడెదూడను వేసింది. ఏడాదిన్నర పెంచి, కాలవ అవతల ఊరాయన అడిగితే ఊరికే ఇచ్చేశాను. బొట్టు పెట్టి, నాలుగు మోపుల గడ్డి కూడా ఇచ్చి పంపాం. మూడు నెలల తర్వాత అటు వెళ్ళినప్పుడు చూద్దామని ఆగితే పాక ఖాళీ. "గడ్డి కొనలేకపోయానండి, బేరగాడు వస్తే తోలేశాను" అన్నాడు. ఏ బేరగాడో, ఏ సంతకో ఆయనకే తెలీదు. ఆయన్ని ఏం అంటాం? ఇంట్లో గడ్డిమేటు ఉందా లేదా అని నేను ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు.

కొంచెం కటువుగా ఉన్నా ఒక మాట చెప్పాలి. ఈ కోడెదూడలు పుట్టడానికి ప్రకృతి వ్యవసాయం చేసే మనమూ కారణమే. జీవామృతానికి నాటు ఆవు కావాలంటాం. పాలు కావాలంటే ఆవు ఈనాలి, ఈనితే సగం మగదూడలే. మా తాతల రోజుల్లో దుక్కికి, దమ్ముకి, కొబ్బరి దింపు తీశాక కాయలు తోలడానికి ఎడ్లు ఉండేవి. ఇప్పుడు చేలో ట్రాక్టరు, తోటలో ట్రక్కు ఆటో. ఎక్కువగా పెయ్యలే పుట్టించే వీర్యం వచ్చింది, దాంతో నూటికి 90 వరకూ పెయ్యదూడలే పడతాయి. మంచిదే, వాడండి. కానీ ఇప్పటికే పాకలో ఉన్నవాటికి అది జవాబు కాదు కదా!

చట్టం ఉంది కదా అంటారు. 1977 నాటి మన రాష్ట్ర చట్టం ఆవునీ దూడనీ వధించకూడదంటుంది. పెద్దదైన గిత్తకీ ఎద్దుకీ మాత్రం "ఇక పనికి రాదు" అని సర్టిఫికెట్ ఇస్తే దారి తెరుస్తుంది. అంటే దూడగా ఉన్నన్నాళ్ళే దానికి పూర్తి రక్షణ.

గోశాలకి తోలేస్తే పుణ్యం వస్తుందనుకోవడం ఇంకో తప్పించుకోవడం. సింహాచలంలో అప్పన్నకీ, వేములవాడలో రాజన్నకీ కోడెల్ని మొక్కుగా ఇస్తారు. అక్కడికి చేరేవాటికి చోటూ మేతా సరిపోక దేవస్థానాలు రైతులకి పంచుతుంటాయి. వేములవాడ కోడెలు పక్కదారి పట్టాయని 2024లో గొడవ కూడా అయింది. ఇవ్వడంతో పని అయిపోదు, ఇచ్చాక చూసేవాడు ఉండాలి.

గుర్రాల విషయంలో ఇంగ్లండువాళ్ళ పద్ధతి నాకు నచ్చింది. అక్కడ వరల్డ్ హార్స్ వెల్ఫేర్ అనే సంస్థ 1927 నుంచి పనిచేస్తోంది. కాపాడిన గుర్రాన్ని పెంచుకోమని ఇస్తుంది గానీ హక్కు తనదగ్గరే ఉంచుకుంటుంది. తీసుకున్నవాళ్ళు అమ్మడానికి లేదు. సంస్థవాళ్ళు వచ్చి చూసి వెళ్తుంటారు, సాకలేకపోతే వెనక్కి తీసుకుంటారు. మన గిత్తకి మాత్రం ఇది ఎందుకు పనికిరాదు?

ఎర్రదాన్ని ఇచ్చేటప్పుడు నేను అదే చేశాను. చెవి పోగు మీది పన్నెండు అంకెల నంబరు వేసి కాగితం రాయించుకున్నాను. అమ్మకూడదు, వద్దనుకుంటే నాకే తోలాలి, నెలకోసారి వచ్చి చూస్తాను అని. రెండో నెలలో వెళ్తే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. గొడవ లేకుండా ఆ సాయంత్రమే ఇంటికి తోలుకొచ్చేశాను. కాగితం ఉండబట్టి మాట పెరగలేదు.

"పని చెయ్యని పశువుని మేపడం ఎలాగండీ?" అంటారు. ఎకరానికి 200 లీటర్ల జీవామృతానికి పది కిలోల పేడ చాలు. పేడ దగ్గర గిత్తకేం లోటు? మూత్రం పట్టడమే కష్టం, ఆవులాగా చెంబు పెడితే కుదరదు. పాకలో నేల కాస్త వాలుగా గచ్చు చేయించి చివర కుండీ పెట్టాం, వీడియో చివర్లో చూపించాను. పొగరు మీదకి రాకముందే పశువుల ఆస్పత్రిలో విత్తులు నొక్కిస్తే ఆడవాళ్ళు కూడా కట్టి విప్పుకోవచ్చు. అసలు ఖర్చు గడ్డిదే. కోత మిషను వచ్చాక గడ్డి చేలోనే నలిగిపోతోంది. కట్టలు కట్టించుకుని మేటు వేసుకోనివాళ్ళు దయచేసి పశువుని అడక్కండి.

ఎర్రదాన్ని ఇంకెవరికీ ఇవ్వను. దాని తమ్ముడు ఏడు నెలల వాడు ఉన్నాడు, తెల్లగా, నుదుట చిన్న సుడితో. వాడికి ఇల్లు చూస్తున్నాను. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు వాళ్ళయితే నేనే వచ్చి మీ పాక, గడ్డిమేటు చూస్తాను. లంక గ్రామాల వాళ్ళని ఇంకో ప్రశ్న అడుగుతాను, 2022 జులై వరదకి మీ పశువుల్ని ఏ గట్టు మీద కట్టారు, మేత ఎక్కడినుంచి తెచ్చారు అని. దానికి జవాబు చెప్పినవాళ్ళకే తాడు చేతికిస్తాను.