ఒరిగిన చేపకు పక్షవాతమేనా?

అక్వేరియంలో చేప ఒక పక్కకు ఒరిగి ఈదితే చాలామంది వెంటనే ‘పక్షవాతం’ అంటారు. నీళ్లలో ఉప్పు వేస్తారు, ఎవరో చెప్పిన యాంటీబయాటిక్ పొడి కలుపుతారు. నా ఉద్దేశంలో చిక్కంతా ఆ పేరుతోనే మొదలవుతుంది. పేరు తప్పితే వైద్యమూ తప్పుతుంది.

మనిషికి పక్షవాతం ఎక్కువగా మెదడులో ఒక వైపు రక్తప్రసరణ ఆగినప్పుడో, రక్తనాళం చిట్లినప్పుడో వస్తుంది. మన కదలికలకు మెదడు పై పొర నుంచి ఆజ్ఞలు అందాలి కాబట్టి, అవతలి వైపు కాలూ చెయ్యీ పడిపోతాయి. చేప మెదడులో అలాంటి పొర లేదు. ముందు మెదడు తొలగించినా గోల్డ్ ఫిష్ ఈదగలదని ప్రయోగాల్లో తేలింది. దాని ఈతను ప్రధానంగా నడిపించేవి వెనక మెదడు, వెన్నుపాము.

మరి చేప ఎందుకు ఒరుగుతుంది? కారణాలు చాలా ఉన్నాయి. పొట్టలోని గాలితిత్తి ఉబ్బినా, నలిగినా తేలడంలో అదుపు తప్పుతుంది. గుండ్రటి ఒళ్లున్న గోల్డ్ ఫిష్ రకాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. చెవి లోపలి సున్నపు రాళ్లు చేపకు తూకం తెలిపే సాధనాలు. ఒక వైపువి దెబ్బతింటే చేప ఆ పక్కకు వాలుతుంది. మేతలో విటమిన్ సి లోపించినా, క్షయ జాతి బ్యాక్టీరియా సోకినా వెన్ను వంగవచ్చు. ఆ బ్యాక్టీరియాలో కొన్ని చేతి గాయాల ద్వారా మనకూ సోకుతాయి.

అందుకే మందుకు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. జబ్బు ఒక్క చేపకా, తొట్టిలో అన్నిటికీనా? అన్నీ నీరసిస్తే ముందు నీటినే అనుమానించాలి. రెండు వైపుల రెక్కలూ ఆడుతున్నాయా? ఆడుతూ ఒరుగుతుంటే గాలితిత్తినో, చెవినో చూడాలి. తోక కదలక, వెన్ను వంకర తిరిగితేనే నరాలు, ఎముకల సంగతి.

ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని వచ్చిన తెలుగు కుటుంబాలు స్థిరపడిన భిలాయ్‌లో, కోహ్కా లాంటి పేటల్లో, నీటి సంగతి మరీ ముఖ్యం. ఇక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. వేడి పెరిగితే చేపల విసర్జనతో చేరే అమ్మోనియా విషమూ పెరుగుతుంది. ఆ అమ్మోనియాను మార్చేసేది ఫిల్టర్‌లోని మేలు చేసే బ్యాక్టీరియా. గుడ్డిగా పోసిన యాంటీబయాటిక్ దాన్నీ దెబ్బతీయవచ్చు. పైగా మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి దారి తీస్తుంది.

అమ్మోనియా, నైట్రైట్ చూసే పరీక్ష కిట్‌ను దుకాణదారులు చేపతో పాటే ఇవ్వాలి. దుర్గ్ జిల్లా అంజోరాలో పశువైద్య కళాశాల, కవర్ధాలో మత్స్య కళాశాల ఉన్నాయి. వారానికి ఒక పూట పెంపుడు చేపలనూ, వాటి నీటినీ పరీక్షించే ఏర్పాటు అందరికీ తెలిసేలా నడిపితే విద్యార్థులకు అనుభవం వస్తుంది, ఇంటివాళ్లకు సరైన సలహా దొరుకుతుంది. ఆవుకూ కుక్కకూ డాక్టరును వెతికే మనం, చేపకు మాత్రం పొడి పొట్లంతో సరిపెట్టడం న్యాయం కాదు. చేప ఒరిగిన రోజు ముందుగా తీయాల్సింది మందు సీసా కాదు, ఒక గ్లాసెడు తొట్టి నీళ్లు.