బండికి బలము పెంచితే చాలునా?



వనపర్తి దగ్గరి ఒక పల్లెనుండి ఒక తండ్రి మన శీర్షికకు ఇట్లు వ్రాసినారు: “మా చిన్నవాడు తన బండికి బలము చాలదని, ఇంజనుకు పెద్ద బోరు వేయించి సైలెన్సరు మార్పించుకుంటానని పట్టుబట్టినాడు. పల్లీలు అమ్మిన డబ్బులో కొంత అడుగుచున్నాడు. కాదంటే రెండు దినములు అన్నము ముట్టలేదు. నాకు ఇంజను సంగతి తెలియదు. ఇవ్వవచ్చునా, కూడదా?”

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో బండి అంటే విలాస వస్తువు కాదు. ఎరువుల బస్తా దాని మీదనే వచ్చును. నొప్పులు పడుచున్న కోడలు దాని మీదనే ఆసుపత్రికి పోవును. పూర్వము మిషనరీలు ఎద్దుబండ్ల మీద తిరిగిన ఊళ్ళలో, ఇప్పుడు పాస్టరుగారు ఒక్క ఆదివారమే రెండు మూడు సంఘములకు వెళ్ళగలుగుచున్నారంటే బండి వలననే. కాబట్టి బండిని ప్రేమించు కుమారుని వెంటనే లోకస్థుడని తీర్పు తీర్చవద్దు. అతడు అడుగుచున్నదేమిటో ముందు తెలిసికొందము.

బోరు అనగానే మనకు పొలములోని బోరు జ్ఞాపకము వచ్చును. ఇంజనులో బోరు అంటే పిస్టను ఆడెడి గొట్టము వెడల్పు. పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ఆ గొట్టములో మండి పిస్టనును క్రిందికి నెట్టును. ఆ నెట్టుడే చక్రమును త్రిప్పును. గొట్టము వెడల్పు చేసి పెద్ద పిస్టను వేసిన యెడల ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు మండును, బలము పెరుగును. ఇది ఒక మార్గము. కార్బొరేటరు, సైలెన్సరు మార్చి గాలి సులువుగా వచ్చి పోవునట్లు చేయుట రెండవది. హెడ్డును కొంచెము అరగదీసి ఒత్తిడి పెంచుట మూడవది.

ఇప్పుడు లెక్క చూడండి. మన పల్లెలలో ఎక్కువగా తిరిగిన హీరో హోండా నూరు సి.సి. బండ్ల బోరు 50 మిల్లీమీటర్లు, పిస్టను నడక 49.5 మిల్లీమీటర్లు. అందువలన అది 97 సి.సి. ఆ బోరును 2 మిల్లీమీటర్లు పెంచితే 105 సి.సి. అగును. అనగా నూటికి ఎనిమిది వంతుల పెరుగుదల. బలమును అంతే పెరిగినదనుకొందము. అయితే వేగము అంత పెరుగదు. వేగము హెచ్చిన కొలది ఎదురు గాలి మరింతగా అడ్డగించును. గాలిని చీల్చుకొని రెండింతల వేగముతో పోవుటకు ఎనిమిదింతల బలము కావలెను. కాబట్టి 80 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఈ మార్పు వలన 82 వరకు పోవును. 50 కిలోమీటర్ల ప్రయాణములో ఒక్క నిమిషము కూడ మిగలదు.

“మేము రెండు మిల్లీమీటర్లతో ఆగము, పెద్ద కిట్టే వేయింతుము” అని యౌవనస్థులు అనవచ్చును. 1985లో మన దేశములో వచ్చి 1996లో ఆగిపోయిన యమహా ఆర్.ఎక్స్.100 బండిని నేటికిని వెదకి కొనువారున్నారు. అది 98 సి.సి. బండియే అయినను 11 హార్సుపవరు ఇచ్చెను. అదే కాలపు హీరో హోండా అంతే పరిమాణముతో సుమారు 7 మాత్రమే ఇచ్చెను. కారణమేమి? మొదటిది టూ స్ట్రోకు, క్రాంకు తిరిగిన ప్రతిసారి మండును. రెండవది ఫోర్ స్ట్రోకు, రెండు చుట్లకు ఒకసారి మండును. ఆ అధిక బలమునకు అధికముగా పెట్రోలు త్రాగెను, నూనెను కూడ కాల్చెను. తరువాత వచ్చిన ఆర్.ఎక్స్.135లో పిస్టను 58 మిల్లీమీటర్లది, అది 132 సి.సి. అయితే అది కంపెనీవారే ఒక ఇంజనుగా తయారుచేసి అమ్మినది. ఒక్క పిస్టను మాత్రమే మార్చి మిగిలినదంతయు పాతదే ఉంచుట వేరు సంగతి. క్రాంకు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు, చైను, ఇవన్నియు పాత బలమునకు చేయబడినవి. క్రొత్త భారము వాటి మీద పడును. గొట్టము గోడ పలుచనగును. వేడి పెరుగును. గాలి బాగా రావలెనని ఫిల్టరు తీసివేసిన యెడల, మన మట్టి రోడ్ల దుమ్ము నేరుగా లోపలికి పోయి రింగులను తినివేయును. పెరిగిన బలము కొద్ది కాలములోనే పోయి, పొగ మిగులును.

2020 ఏప్రిల్ తరువాత అమ్మిన బి.ఎస్.-6 బండ్లలో చాల వాటికి పాత తరహా కార్బొరేటరు లేదు. కంప్యూటరు పెట్రోలును కొలిచి ఇచ్చును. సైలెన్సరు దారిలోని సెన్సారు దానికి కబురు చెప్పును. సైలెన్సరు మార్చితే ఆ లెక్క తప్పిపోవచ్చును.

చట్టము మాటయు వినవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను కాగితములోని వివరములు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమగునట్లు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్థిరపరచెను. అదే సంవత్సరపు సవరణ చట్టము, అనుమతిలేని ప్రతి మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలలవరకు జైలు, లేక రెండును విధించవచ్చునని చెప్పెను. ప్రమాదము జరిగినప్పుడు, తెలియజేయని మార్పును చూపి ఇన్సూరెన్సువారు పేచీ పెట్టవచ్చును. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు లూకా 14వ అధ్యాయములో నేర్పెను. ఈ గోపురపు ఖర్చులో కిట్టు ధర మొదటి వరుస మాత్రమే.

ఇంజను మారిన తరువాత కూడ మారనిది ఒకటున్నది, బ్రేకు. 40 కిలోమీటర్ల వేగములో బ్రేకు వేసినప్పుడు బండి ఎంత దూరములో ఆగునో, 80లో దానికి నాలుగింతల దూరము పట్టును. 80లో పోవువాడు ఒక్క సెకను ఆలస్యముగా చూచినను, బ్రేకు నొక్కక ముందే 22 మీటర్లు గడచిపోవును. మన రోడ్లు ఎట్టివో మీకు తెలియును. వరి కోతలప్పుడు సగము రోడ్డు వడ్లతో నిండియుండును. సంధ్యవేళ గొర్రెలమంద ఎదురుపడును. వెనుక దీపము లేని ట్రాక్టరు చీకటిలో నిలిచియుండును. ఎర్రవల్లి చౌరస్తాలోను, పెబ్బేరులోను, కొత్తకోటలోను హైవే లారీలు దూసుకొని పోవుచుండును. మన్ననూరు దాటి శ్రీశైలము ఘాటు ఎక్కువారికి మలుపు వెనుక ఏమున్నదో కనబడదు.

క్రొత్త ఇల్లు కట్టించువాడు పైకప్పునకు పిట్టగోడ కట్టించవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. ఎవడైనను పడి చచ్చిన యెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చును. బండికి బ్రేకే పిట్టగోడ. పిట్టగోడ పెంచకుండ మేడ ఎత్తు పెంచువాడు తనకొరకు మాత్రమే కాదు, దారిన పోవు పొరుగువాని కొరకు కూడ ప్రమాదము కట్టుచున్నాడు. రోడ్డు ప్రక్కన నడచుచున్న ముసలమ్మకు అతని ఇంజను సి.సి. ఎంతయో తెలియదు గదా.

ఇంజనులకు బలము పెంచుటలో పేరుపొందిన ఒకని సంగతి చెప్పెదను. న్యూజీలాండు దేశస్థుడు బర్ట్ మన్రో 1899లో పుట్టెను. 1920లో 600 సి.సి. ఇండియన్ స్కౌట్ అను బండి కొనెను. అది గంటకు 90 కిలోమీటర్ల లోపు పోవునది. అతడు దశాబ్దముల తరబడి తన చేతులతోనే పిస్టనులు పోతపోసికొని, దానిని సుమారు 950 సి.సి.కి పెంచెను. 1967లో, 68 ఏండ్ల వయస్సున, అమెరికాలోని బొన్నవిల్ ఉప్పు మైదానములో 295 కిలోమీటర్లకు పైగా వేగముతో నడిపి రికార్డు స్థాపించెను. అతని ఓర్పు మెచ్చదగినదే. అయితే ఆ మైదానములో గొర్రెలమంద లేదు, బడి పిల్లలు లేరు. అతని షెడ్డులో ఒక అలమర యుండెను. పగిలిన పిస్టనులు, విరిగిన రాడ్లు అందులో పేర్చి, ఇవి వేగ దేవునికి అర్పణలని వ్రాసి పెట్టెను. అతడు హాస్యముగా వ్రాసినాడు. మనకది హాస్యము కాదు. ఆ అలమరలో ఉన్నవి ఇనుప ముక్కలు. మన ఊళ్ళలో ఆ దేవునికి అర్పణమగుచున్నది తల్లులు కన్న కుమారులు. పెండ్లి ఫోటోలు ఉండవలసిన గోడమీద పూలదండ వేసిన ఫోటో ఉన్న ఇండ్లు మీ ఊరిలో ఎన్ని గలవో మీరే లెక్కించండి.

అయితే బండికి బలము చాలనిమాట అబద్ధమా? అన్నిసార్లు కాదు. చాల బండ్లకు కావలసినది క్రొత్త బలము కాదు, పోగొట్టుకొన్న బలము. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయినదేమో చూడండి. ప్లగ్గు, ట్యాపెట్లు, ఇంజనాయిలు, చైను బిగువు, టైర్లలో గాలి చూడండి. బ్రేకు పట్టుకొనియే చక్రము తిరుగుచున్నదేమో చూడండి. క్లచ్ జారుచున్నదేమో చూడండి. రింగులు అరిగియుంటే కంపెనీ చెప్పిన కొలతకే రీబోరు చేయించండి. ఇది తప్పు కాదు, మరమ్మతు. ఇవన్నియు సరియైన తరువాత కూడ బరువు లాగలేకపోతే, ఆ బండి ఆ పనికి చేయబడినది కాదు. పాతది అమ్మి, పెద్ద ఇంజనుతో పాటు పెద్ద బ్రేకులు కూడ ఉన్న బండిని కాగితములతో కొనుట మేలు.

తమ్ముడా, నీతో ఒక మాట. రెండవ రాజుల గ్రంథము 9వ అధ్యాయములో కావలివాడు దూరమునుండియే రథము తోలు తీరునుబట్టి వచ్చువాడు యెహూ అని గుర్తించెను. నీ ఊరివారును నీ బండి శబ్దమునుబట్టి నిన్ను గుర్తించుదురు. “ఫలాని విశ్వాసి కొడుకు వచ్చుచున్నాడు, పిల్లలను లోపలికి పిలువండి” అందురా, లేక “అతడు వచ్చుచున్నాడు, ముసలాయనను అతనితో ఆసుపత్రికి పంపుదము” అందురా? ఇంజనులంటే నీకున్న ఇష్టము దేవుడిచ్చిన వరమే కావచ్చును. ఐ.టి.ఐ.లో చేరి ఆ పని నేర్చుకొనుము. మన యౌవనస్థుల కూటమి నెలకు ఒక శనివారము సంఘస్థుల బండ్లకు చైను, బ్రేకు సరిచేసి ఇచ్చిన యెడల అదియు సేవయే.

తండ్రిగారూ, కిట్టుకు డబ్బు ఇవ్వవద్దు. అయితే “కాదు” అని చెప్పి ఊరుకొనవద్దు. కుమారునితో కలిసి నమ్మకమైన మెకానిక్కు దగ్గరకు వెళ్ళండి. పైన చెప్పినవన్నియు చూపించండి. ముందు బ్రేకు షూలు, టైర్లు, తరువాత ఇంజను, చివరకు మంచి హెల్మెటు, వీటికి సంతోషముగా ఇవ్వండి. మిగిలినది విత్తనములకు దాచండి. అతడు అడిగినది బలము. అతనికి నిజముగా కావలసినది, తన మాట తండ్రి విన్నాడన్న ధైర్యము కావచ్చును.

ప్రభువు మీ కుమారుని రాకపోకలయందు కాపాడునుగాక. ఆమేన్.