మగోళ్ళకూ రొమ్ము క్యాన్సర్ వస్తది, సిగ్గుపడితే ముదురుతది

ఇయ్యాల మిర్చి రేటు ముచ్చట కాదు. మనం బయటికి మాట్లాడుకోని ముచ్చట ఒకటి చెప్తా.

రొమ్ము క్యాన్సర్ వచ్చిన నూరు మందిల దాదాపు ఒకరు మగవాళ్ళే ఉంటరు. మగోళ్ళకు కూడా చనుమొన కింద కొద్దిగ రొమ్ము కణజాలం ఉంటది, గడ్డ అండ్లనే పుడతది. ఎక్కువగా 60 ఏండ్లు దాటినోళ్ళకు వస్తది. ఇంట్ల తల్లికో, అక్కచెల్లెళ్ళకో వచ్చి ఉంటే, తాగుడుతోని లివర్ చెడిపోతే, ఒళ్ళు బాగా పెరిగితే ముప్పు ఇంకొంచెం ఎక్కువ.

ఇంత తక్కువ మందికి వచ్చేదానికి మగోళ్ళందరికీ పరీక్షలు చెయ్యాలని నేను అనను. కానీ "అది ఆడోళ్ళ రోగం" అనే మాటే మన ప్రాణం మీదికి తెస్తున్నది. గడ్డకు చాలాసార్లు నొప్పి ఉండదు. బస్తా మోసినప్పుడు తగిలిందనుకుంటం. చూపెట్టుకోవాలంటే సిగ్గు. తోటల ఆకు ముడుచుకుంటే పొద్దుగాలే మందుల దుకాణానికి ఉరుకుతం, మన ఛాతీ మీద గడ్డ తగిలితే మాత్రం "కోతలు అయినంక చూద్దాం" అంటం.

అమెరికా గాయని బియాన్సే తండ్రి మాథ్యూ నోల్స్‌కు 2019ల ఈ రోగం బయటపడ్డది. అంగీ మీద రక్తపు చుక్కలు చూసి పరీక్షకు పోయిండు. ఆపరేషన్ చేయించుకొని టీవీల అందరికీ చెప్పిండు. ఆయనకు పుట్టుకతో వచ్చే జన్యులోపం ఉన్నదని తేలింది. అసొంటి లోపం పిల్లలకూ రావచ్చు. అందుకే తండ్రి తన రోగం దాచిపెడితే బిడ్డలకు కూడా నష్టమే.

తానం చేసేటప్పుడు చూసుకోండ్రి. చనుమొన కింద గట్టి గడ్డ, మొన లోపలికి గుంజుకుపోవుడు, రక్తం కారుడు, మానని పుండు, సంకల గడ్డ ఉంటే ములుగు సర్కారు దవాఖానకో, వరంగల్ ఎంజీఎంకో పోండ్రి. పసరు పూయద్దు, కోయించద్దు. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, సూది పరీక్షల తేలుతది. క్యాన్సర్ అయితే హైదరాబాద్ ఎంఎన్‌జే సర్కారు దవాఖాన ఉన్నది, ఆరోగ్యశ్రీ ఉన్నది. ఆపరేషన్ తర్వాత చాలామందికి ఏండ్ల తరబడి గోలీలు ఇస్తరు, నడుమ బంద్ చెయ్యద్దు.

మన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నా మనవి ఒక్కటే. ఆడోళ్ళకు రొమ్ము పరీక్ష గురించి చెప్పేటప్పుడు, పక్కన కూసున్న మగోళ్ళకు కూడా ఒక మాట చెప్పుండ్రి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇది మీ ఊరి గ్రూపుల పెట్టుండ్రి.